రాతి మీది ఏడు ఏ ఏడు? శాసనంలోని సంవత్సరాన్ని తేల్చుకోవడం ఎలా

మా ఊరి గుడి ముందర ఒక రాయి ఉంది. సగం భూమిలో, సగం పైన. చిన్నప్పుడు దాని మీద కూర్చుని బొరుగులు తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. పెద్దయినాక దాన్ని చదివినవాణ్ణీ నేనే, తప్పు చదివినవాణ్ణీ నేనే. శకం 1462 అని చదివి, 78 కలిపి, 1540లో వేసిన శాసనమని అందరికీ చెప్పినాను. తిరునాళ్ల ఫ్లెక్సీ మీద కూడా అదే వేసినారు. మరుసటేడు తీరిగ్గా కూర్చుని చూస్తే అంకె పక్కనే 'ప్లవ' అని సంవత్సరం పేరు కనిపించింది. 1462 ప్లవ కాదు, శార్వరి. ప్లవ కావాలంటే 1463 ఉండాలి. ౩ కింది కొస అరిగిపోయి ఉంటే దాన్ని ౨ అనుకున్నాను. ఆ ఫ్లెక్సీ అప్పటికే ఎవరిదో గొర్రెల దొడ్డికి కప్పుగా పోయింది కాబట్టి నా పరువు దక్కింది.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ పాత గుడికి పోయినా ఇట్లాంటి రాయి ఒకటి కనబడుతుంది. మీ ఊళ్లోనూ ఉండొచ్చు. దాని మీద ఉన్నది మన లెక్కలో ఏ ఏడో తేల్చడానికి చరిత్ర చదువు అక్కర్లేదు. కూడిక, తీసివేత, భాగహారం వస్తే చాలు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పాతకాలం వాళ్లకు ఏడాది అంటే ఉత్త అంకె కాదు. దానికి పేరుంది, రాజు ఉన్నాడు, నెల, పక్షం, తిథి, వారం ఉన్నాయి. అంకె ఒక సాక్షి మాత్రమే. మిగతా సాక్షులను కూడా పిలిచి అడగాలి.

మొదటి పని: లెక్క వద్దు, ముందు అంతా రాసుకోండి

రాయిని చూడగానే అంకె మీదికి దూకకండి. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ, ఎండ ఏటవాలుగా పడే వేళకు పోండి. నడి మధ్యాహ్నం అక్షరాలు కనిపించవు. మెత్తటి కుచ్చుతో దుమ్ము తుడిచి, కొన్ని నీళ్లు చల్లితే చాలు. సున్నం పూయడం, నూనె రాయడం, ఇనుప చీలతో అక్షరం గీకడం చేయకండి. గీకినవాడు చదువుకున్నదే ఆ తర్వాత అందరికీ శాసనమైపోతుంది.

విజయనగర కాలం రాళ్ల మీద మొదటి వరస దాదాపు ఒకే మాదిరిగా ఉంటుంది. 'స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శకవరుషంబులు' అని మొదలుపెట్టి, అంకె వేసి, 'అగునేంటి' అని, సంవత్సరం పేరు, నెల, పక్షం, తిథి, వారం చెబుతారు. పొట్టి రాతలు చాలా వాడతారు. 'శు' అంటే శుద్ధ పక్షం, 'బ' అంటే బహుళం. వారాలకూ అంతే: ఆ, సో, మం, బు, గు, శు, శ. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. 'శు 5 శు' అని ఉంటే మొదటి 'శు' పక్షం, రెండోది శుక్రవారం. రెండూ ఒకటే అనుకుని ఒకదాన్ని వదిలేసినవాళ్లను నేను చూసినాను.

అన్నీ ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి ఎత్తుకోండి. అరిగిపోయిన చోట చుక్కలు పెట్టండి, ఊహ రాయకండి. ౨, ౩ పోలికగా ఉంటాయి. ౦, ౧ కూడా రాతి మీద ఒకటిలాగే కనబడతాయి. అనుమానం ఉన్న అంకె కింద గీత గీయండి.

రెండో పని: ఇది ఎవరి లెక్క?

అంకెకు ముందున్న మాటను బట్టి లెక్క మారిపోతుంది. శకవర్ష, శకనృపకాల, శాలివాహన శక అని ఏది ఉన్నా లెక్క ఒకటే, శకం. పాత శాసనాల్లో ఉత్త 'శక' అనే ఉంటుంది. శాలివాహనుడి పేరు దాని ముందుకు చేరి స్థిరపడింది విజయనగర కాలంలో. కాబట్టి ఎవరైనా 7వ శతాబ్దపు శాసనమని చూపించి, అందులో 'శాలివాహన శక' అని ఉందంటే కొంచెం అనుమానించండి.

'చాళుక్య విక్రమ వర్ష' అని ఉంటే ఆగండి. కల్యాణి చాళుక్యుల ఏలుబడి మన సీమలో కూడా సాగింది. వాళ్లలో ఆరో విక్రమాదిత్యుడు శకాన్ని పక్కనపెట్టి, తన పేరుతో కొత్త లెక్క మొదలుపెట్టినాడు. దాని మొదటి ఏడు శకం 998, నల సంవత్సరం, అంటే 1076. కనుక చాళుక్య విక్రమ అంకెకు 1075 కలపాలి. విక్రమ అనే మాట చూసి దీన్ని ఉత్తరాది విక్రమ శకం అనుకుని 57 తీసేసినారంటే శాసనం పదకొండు వందల ఏళ్లు వెనక్కి పోతుంది.

'విజయరాజ్య సంవత్సరంబుల్' అని ఉంటే అది రాజు గద్దెనెక్కిన దగ్గర్నుంచి లెక్క. 'కలి' అంటే కలియుగం. కాగితాల్లో అయితే ఫసలీ, హిజరీ తగులుతాయి. వీటి సంగతి ముందుకు పోయినాక చెబుతా.

మూడో పని: శకానికి 78, అయితే నెల చూసి

శకం అంకెకు 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఇది అందరికీ తెలుసు. అందరూ తప్పేది కూడా ఇక్కడే. మన ఏడాది ఉగాదికి మారుతుంది, వాళ్లది జనవరి 1కి. ఈ రెంటి మధ్య ఉన్న నెలల్లో కలపాల్సింది 78 కాదు, 79. నెల మాఘమో ఫాల్గుణమో అయితే సాధారణంగా 79 వేసుకోండి. పుష్యమైతే సగం అటూ సగం ఇటూ ఉంటుంది, పాత పంచాంగ పట్టిక చూడాల్సిందే.

రాక్షసి-తంగడి యుద్ధాన్ని తీసుకోండి. విజయనగరాన్ని కూలగొట్టి, రాజధానిని మన పెనుకొండకు తోలిన యుద్ధం. శకం 1486. 78 కలిపితే 1564. కానీ యుద్ధం జరిగింది 1565 జనవరి 23న. ఉగాది ఇంకా రాలేదు, మన లెక్కలో పాత ఏడే నడుస్తోంది.

తిరగేసి కూడా చేసి చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. 1847లోంచి 78 తీసేస్తే శకం 1769 వస్తుంది, అది తప్పు. ఫిబ్రవరి కాబట్టి 79 తీయాలి: 1768. సంవత్సరం పేరు కూడా ప్లవంగ కాదు, పరాభవ. పేరు ఎట్లా వచ్చిందో తర్వాతి పనిలో ఉంది.

ఒక చిన్న చిక్కు. శకం అంకె రెండు రకాలుగా వేస్తారు: చెల్లిపోయిన ఏళ్లు, నడుస్తున్న ఏడు. పసిబిడ్డకు ఏడాది నిండిందని ఒకరంటారు, రెండో ఏడు నడుస్తోందని ఇంకొకరంటారు. బిడ్డ ఒకటే కదా. మనం పైన వాడిన 78 చెల్లిన ఏళ్లకు సరిపోయే లెక్క. రాయి మీద నడుస్తున్న ఏటి అంకె వేసుంటే 77 మాత్రమే కలపాలి. ఏది వేసినాడో ఎట్లా తెలుస్తుంది? అంకెను ఎంతసేపు చూసినా తెలీదు. పేరునడగాలి.

నాలుగో పని: పేరుతో అంకెను పట్టుకోవడం

నా అనుభవంలో మొత్తం పనిలో ప్రాణం ఇదే. ప్రభవ నుంచి క్షయ దాకా అరవై పేర్లు. ఏ పంచాంగంలోనైనా మొదటి పేజీల్లో ఉంటాయి. ఒక అట్ట మీద అంకెలు వేసి వరసగా రాసుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్లో ఉంటుందిలే అనుకోకండి. కొన్ని కొండగుళ్ల దగ్గర సిగ్నల్ ఉండదు.

సూత్రం ఇది: శకం అంకెకు 12 కలపండి, 60తో భాగించండి, మిగిలింది పేరు వరస సంఖ్య. ఏమీ మిగలకపోతే అరవయ్యోది, క్షయ. క్రీస్తు శకం నుంచి నేరుగా పోవాలంటే, ఉగాది నాటికున్న ఏడాదిలోంచి 6 తీసి 60తో భాగించండి.

రాక్షసి-తంగడికి వేసి చూద్దాం. 1486కు 12 కలిపితే 1498. అరవై ఇరవైనాలుగుసార్లు పోతే 1440. మిగిలింది 58. యాభై ఎనిమిదో పేరు రక్తాక్షి. కళ్లలో నెత్తురు. పేరు పెట్టింది యుద్ధాన్ని చూసి కాదులెండి, చక్రంలో దాని వంతు వచ్చింది, అంతే. నరసింహారెడ్డిది: 1768కి 12 కలిపితే 1780, అందులో 1740 పోతే 40, పరాభవ. మిగులు లేని లెక్క కావాలంటే 1866: ఆ ఏటి కరువులో బుడ్డా వెంగళరెడ్డి ఉయ్యాలవాడలో వేలమందికి గంజి పోసినాడు. 1866లోంచి 6 తీస్తే 1860, అరవైతో నిశ్శేషంగా పోతుంది. కాబట్టి క్షయ.

ఇప్పుడు దీన్ని ఎట్లా వాడాలో చెప్పడానికి హంపి విరూపాక్షాలయంలోని శ్రీకృష్ణదేవరాయల శాసనం కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. అందులో శకం 1430 చెల్లిన మీదట నడిచే శుక్ల సంవత్సరం, మాఘ శుద్ధ 14 అని ఉంది. అంకె ఒక్కటే పట్టుకుంటే 1430కి 79 కలిపి 1509 జనవరి అంటాం. పేరునడగండి. 1430కి 12 కలిపితే 1442, మిగిలింది 2, విభవ. కానీ రాయి శుక్ల అంటోంది, అది మూడోది. శుక్ల రావాలంటే శకం 1431 ఉండాలి. ఇక్కడ 'చెల్లిన' అన్నది పైన చెప్పిన చెల్లిన ఏళ్ల లెక్క కాదు: 1430 అనే ఏడు దాటిపోయింది, ఇప్పుడు నడిచేది దాని తర్వాతది అని. కనుక 1431కి 79 కలిపి 1510 జనవరి. పట్టాభిషేకం నాటి శాసనమని దీనికి పేరుంది కాబట్టి ఒక్క ఏడాది తేడా కూడా చిన్నదేం కాదు. నా ఫ్లెక్సీ సంగతి వేరు.

అంకె, పేరు తగవులాడుకుంటే నేను పేరు వైపే నిలబడతా. ఎందుకంటే అంకెను శిల్పి ఎవరో చెబితే చెక్కినాడు, పేరు మాత్రం ఊరంతటికీ తెలుసు. ఆ ఏడు ఉగాది పచ్చడి తిన్న ప్రతివాడికీ పంచాంగ శ్రవణంలో చెవిన పడిన పేరది.

అయితే పేర్లలోనూ కవలలున్నాయి. విరోధి ఇరవైమూడోది, విరోధికృతు నలభైఐదోది. ప్రమాది పదమూడు, ప్రమాదీచ నలభైఏడు. క్రోధి ముప్పైఎనిమిది, క్రోధన యాభైతొమ్మిది. శుభకృతు, శోభకృతు పక్కపక్కనే ఉంటాయి. విళంబి ముందర ఒక అక్షరం చెదిరిపోయి ఉంటే అది హేవిళంబి కావచ్చు. చివరి అక్షరం అరిగిందేమో వేలితో తడిమి చూడండి. ఎన్నోసార్లు కంటికి అందనిది వేలికి అందుతుంది.

ఇంకొక హెచ్చరిక. ఉత్తరాదిలో ఇవే అరవై పేర్లు బృహస్పతి నడకను బట్టి తిరుగుతాయి. సుమారు ఎనభై ఐదేళ్లకొకసారి అక్కడ ఒక పేరు ఎగిరిపోతుంది. మన దక్షిణాదిలో 10వ శతాబ్దం మొదట్లోనే ఆ దాటవేత మానేసి వరసగా లెక్కపెట్టుకుంటున్నారు. అందుకే పై సూత్రం ఆ తర్వాతి శాసనాలకే. కాశీ పంచాంగంలో పేరు చూసి మన రాయిని సరిచూడకండి.

ఐదో పని: అంకె బదులు చంద్రుడు, ఏనుగు, బాణం ఉంటే

సంస్కృత శ్లోకంలో శాసనం వేయించిన వాళ్లు అంకెలు వేయరు, మాటలు వేస్తారు. వీటిని భూతసంఖ్యలంటారు. ఆకాశం అంటే సున్న. చంద్రుడు ఒకటి, కన్నులు రెండు, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, బాణాలు ఐదు, రసాలు ఆరు, మునులు ఏడు, వసువులు, ఏనుగులు ఎనిమిది, గ్రహాలు తొమ్మిది. వరసగా రాసుకుని కుడి నుంచి ఎడమకు తిప్పి చదవాలి.

నేనే ఒకటి కట్టి చూపిస్తా: 'రస వసు వేద ఇందు'. రసం 6, వసువు 8, వేదం 4, ఇందు 1. వచ్చిన వరస 6841. తిప్పండి: 1486. రాక్షసి-తంగడి ఏడు.

సముద్రం అన్న చోట జాగ్రత్త. ఒకరికి నాలుగు, ఇంకొకరికి ఏడు. అట్లాంటప్పుడు రెండు అంకెలూ వేసుకుని, దేనికి సంవత్సరం పేరు కుదురుతుందో చూడండి. మళ్లీ పేరే తీర్పరి.

ఆరో పని: అంకె లేదు, ఉత్త పేరే ఉంది

మా జేజి వాళ్ల నాయన పుట్టింది 'దాత కరువులో'. ఏ ఏడని అడిగితే అంతకు మించి ఆమెకు తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. అది ధాత నామ సంవత్సరం, పదోది. చక్రంలో ధాత 1816లో వచ్చింది, 1876లో వచ్చింది, 1936లో, 1996లో వచ్చింది. ఏ ధాత? సీమ జనాన్ని ఊడ్చిపెట్టిన మహా కరువు 1876-78ది. జేజి వయసుకు 1816 కుదరదు, 1936 అసలే కుదరదు. తేలిపోయింది.

పేరొక్కటే ఉన్నప్పుడు చేయాల్సింది ఇదే. అరవై ఏళ్ల ఎడంతో వచ్చే ఏళ్లన్నీ వరసగా రాసి, మిగతా గుర్తులతో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోండి. గుంటూరు వైపువాళ్లు చెప్పే నందన కరువు 1832-33ది. నందన మళ్లీ 1892లోనూ వచ్చింది. కథ చెప్పేవాళ్ల తరాలు లెక్కపెట్టకపోతే అరవై ఏళ్లు బోల్తా పడతారు.

కడప కైఫీయతులు చదివేటప్పుడు ఈ పని ఎక్కువగా పడుతుంది. మెకంజీ దొర మనుషులు 19వ శతాబ్దం మొదట్లో ఊరూరా తిరిగి, కరణాలు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నవి అవి. కొన్నిచోట్ల శకం ఉంటుంది, కొన్నిచోట్ల సంవత్సరం పేరే, ఇంకొన్నిచోట్ల ఫసలీ. ఇట్లాంటి చిక్కుల కోసమే సి.పి. బ్రౌన్ మన సంవత్సరాలకూ, హిజరీకీ, క్రీస్తు శకానికీ లంకె వేస్తూ పట్టికలు కట్టి 1850లో అచ్చువేయించినాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పటి బ్రౌన్ గ్రంథాలయం. నిఘంటువు కట్టినవాడుగానే మనకు తెలుసు గానీ, ఏళ్ల పట్టికలు కట్టినవాడుగా ఆయన్ను తలుచుకునేది తక్కువ.

ఏడో పని: రాజు గద్దెనెక్కిన ఏడు నుంచి లెక్క

తొలకరి పడితే వజ్రాల కోసం జనం చేలల్లో వెతుక్కునే జొన్నగిరి తెలుసు కదా. దానికి దగ్గర్లో ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో శకం లేదు, కలి లేదు. 'పట్టాభిషేకమై ఎనిమిదేళ్లకు', 'పన్నెండేళ్లకు' అని ఉంటుంది. ఎనిమిదేళ్లకు కళింగ యుద్ధం. సరే, పట్టాభిషేకం ఎప్పుడు?

దానికి జవాబు అదే గుట్ట మీద ఉంది. పదమూడో శాసనంలో అశోకుడు తన కాలపు యవన రాజులు ఐదుగురి పేర్లు చెప్పినాడు: అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుందర. గ్రీకు చరిత్రలో వీళ్లు ఎప్పుడెప్పుడు ఏలినారో తెలుసు. ఐదుగురూ బతికున్న కాలం క్రీ.పూ. 3వ శతాబ్దం నడుమ. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెడితే పట్టాభిషేకం సుమారు క్రీ.పూ. 269-268, కళింగ యుద్ధం సుమారు క్రీ.పూ. 261. కర్నూలు జిల్లా గుట్టకు తేదీ కట్టింది ఈజిప్టు, సిరియా రాజులు. రాజ్య సంవత్సరాన్ని తేల్చే ముఖ్యమైన దారి ఇదే: ఆ రాజుకు, కాలం తెలిసిన ఇంకొకరికి ముడి దొరకాలి.

ముడి దొరక్కపోతే ఏమవుతుందో ఆదోని వైపు మ్యాకదోనిలో చూడొచ్చు. అక్కడి రాయి మీద శాతవాహన పులుమావి ఏలుబడిలో 8వ ఏడు, హేమంతంలో రెండో పక్షం, మొదటి రోజు అని ఉంది. సంబుడనే గృహపతి వేపురక అనే ఊళ్లో చెరువు తవ్వించినాడు. ఏడు, రుతువు, పక్షం, రోజు, చెరువు తవ్వించినవాడి పేరు, అన్నీ ఉన్నాయి. కానీ పులుమావులు ఒకరికంటే ఎక్కువమంది. ఏ పులుమావి ఎనిమిదో ఏడన్నది పండితుల తగవు. అట్లాంటి చోట మీరు కూడా 'పులుమావి 8వ ఏడు' అనే రాసుకోండి, బలవంతంగా ఒక అంకెకు కట్టేయకండి. ఇంకొక మాట: అప్పట్లో నెలల పేర్లు వేయలేదు. గ్రీష్మం, వర్షం, హేమంతం అని ఏడాదిని మూడుగా పంచి, ఒక్కొక్క దాంట్లో పక్షాలు లెక్కపెట్టినారు. సేద్యం చేసుకునేవాడికి ఇప్పటికీ ఆ లెక్కే దగ్గర.

ఇది మన ఒక్కరి పద్ధతి కాదు. రోమువాళ్లు ఆ ఏడు పదవిలో ఉన్న ఇద్దరు కాన్సుళ్ల పేర్లతో ఏటిని పిలిచినారు. సీజరును చంపిన ఏడు వాళ్లకు 'సీజరూ ఆంటోనీ కాన్సుళ్లుగా ఉన్న ఏడు', మనకు క్రీ.పూ. 44. ఏథెన్సులో ఆర్కన్ అనే అధికారి పేరు. గ్రీకు చరిత్రకారులు నాలుగేళ్లకొకసారి జరిగే ఒలింపిక్ ఆటలను క్రీ.పూ. 776 నుంచి లెక్కపెట్టి, ఫలానా ఆటల తర్వాత ఇన్నో ఏడని చెప్పేవాళ్లు. బాబిలోనులో హమ్మురాబి నాడు ఏటికి ఒక పని పేరు పెట్టేవాళ్లు: రాజు న్యాయం నెలకొల్పిన ఏడు, ఫలానా కాలువ తవ్వించిన ఏడు. మా జేజి దాత కరువంటే నవ్వేవాళ్లు ఇది వినాలి. అస్సీరియాలో ఏటికొక అధికారి పేరు. ఆ జాబితాలో బుర్-సగలే అనేవాడి ఏట సూర్యగ్రహణం పట్టిందని రాసి ఉంది. ఖగోళ లెక్కతో అది క్రీ.పూ. 763 జూన్ 15 అని తేలింది. ఆ ఒక్క గ్రహణాన్ని గుంజలా పాతి, ముందూ వెనకా ఉన్న ఏళ్లన్నీ దానికి కట్టినారు. మన శాసనాల్లో 'సూర్యోపరాగ పుణ్యకాల మందు' అని దానం చేసిన చోట్లన్నీ అట్లాంటి గుంజలే. కనబడితే వదలకండి.

క్రీ.పూ. లెక్కలో ఒక గుంత: సున్న సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. కళింగ యుద్ధం నుంచి 2025కి ఎన్నేళ్లంటే 261, 2025 కలిపి ఒకటి తీసేయాలి: 2285.

కలియుగం లెక్క తేలిక. శకానికి 3179 కలిపితే చెల్లిన కలి వస్తుంది. చెల్లిన కలిలోంచి 3101 తీస్తే క్రీస్తు శకం. దీన్ని నమ్మడానికి ఐహొళె శాసనం చాలు. రెండో పులకేశి మీద రవికీర్తి రాసిన ప్రశస్తి అది. భారత యుద్ధం నుంచి 3735 ఏళ్లు, శకం 556 అని రెండూ చెప్పినాడు. తీసి చూడండి, సరిగ్గా 3179. 3735లోంచి 3101 పోతే 634. కవి లెక్కల్లో కూడా గట్టివాడు.

ఎనిమిదో పని: కాగితాలకు ఫసలీ, గోరీలకు హిజరీ

మీ తాత ముత్తాతల భూమి కాగితాల్లో, పాత అడంగళ్లలో ఉండేది ఫసలీ. పంట లెక్క. ఇప్పుడు జులై 1 నుంచి జూన్ 30 దాకా. ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ ఏడు మొదలైన క్రీస్తు శకం వస్తుంది. మన జిల్లాలను నైజాం 1800లో కుంపిణీకి దత్తం చేసి, మన్రో దొర కలెక్టరుగా వచ్చినప్పుడు నడుస్తున్నది ఫసలీ 1210. కాగితంలో రాసిన పని జనవరి నుంచి జూన్ లోపల జరిగి ఉంటే 591 కలపాలి.

కర్నూలులో, కడపలో, గండికోటలో పార్సీ, అరబ్బీ రాతలుంటే హిజరీ చూడండి. ఇది పూర్తిగా చంద్రుడి లెక్క, మన అధిక మాసం లాంటిది లేదు. ఏడాది 354 రోజులే కాబట్టి మన 32 ఏళ్లకు వాళ్లకు దాదాపు 33 అవుతాయి. అందుకని ఉత్త కూడిక పనికిరాదు. హిజరీ అంకెను 33తో భాగించి, వచ్చినదాన్ని ఆ అంకెలోంచే తీసేసి, 622 కలపండి. రాక్షసి-తంగడి హిజరీ 972లో. 33తో భాగిస్తే 29. 972లోంచి 29 పోతే 943. 622 కలిపితే 1565. ఒక్కోసారి ఏడాది అటూ ఇటూ రావచ్చు. అప్పుడు నెల చూసి పట్టికతో సరిచేసుకోండి.

చేయి తిరగడానికి ఒకే రోజును అన్ని లెక్కల్లో రాసి చూడండి. కోయిలకుంట్ల, 1847 ఫిబ్రవరి 22: శకం 1768, పరాభవ, కలి 4947, ఉత్తరాది విక్రమ శకం 1903, ఫసలీ 1256, హిజరీ 1263. ఆరింటిలో ఒక్కటి మీకు రాకపోయినా పై పనుల్లో ఏదో వదిలేసినట్టే.

తొమ్మిదో పని: వారంతో ముద్ర వేయడం

ఏడు తేలింది, నెల, తిథి ఉన్నాయి. రాయి మీద వారం కూడా ఉంటే పాత పంచాంగ పట్టికల్లో ఆ తిథి ఏ వారం పడిందో చూడండి. స్వామికన్ను పిళ్లై కట్టిన పట్టికలు పెద్ద గ్రంథాలయాల్లో ఉంటాయి. వారం కలిసిందంటే మీ లెక్కకు గట్టి బలం వచ్చినట్టే. కలవకపోతే వెంటనే శిల్పిని తిట్టకండి. మొదట అధిక మాసమేమో, ఆ తర్వాత తిథి ముందు రోజు సాయంత్రమే మొదలైందేమో చూసి, అప్పటికీ కుదరకపోతే చెల్లిన ఏడు, నడిచే ఏడు మార్చి వేయండి.

చివర రాసుకునేటప్పుడు రాతి మీది మాటలు ముందు, మీ లెక్క తర్వాత. 'శకం 1463, ప్లవ (1541-42)' అన్నట్టు. నెల తెలీకపోతే రెండేళ్లూ వేయండి. ఒక్క ఏడు వేసేస్తే మీకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పినవాళ్లవుతారు.

అసలు ఏడే లేని రాళ్లూ ఉన్నాయి. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల గుడిలో ఉన్నది తెలుగులో మనకు దొరికిన తొలి శాసనంగా పేరున్నది. ఎరికల్ ముతురాజు ధనంజయుడు రేనాడు ఏలుతుండగా అని ఉంది గానీ ఏ ఏటనో లేదు. సుమారు 575 అన్నది అక్షరాల తీరును బట్టి పెద్దలు కట్టిన అంచనా. అట్లాంటి రాయి ఎదురైతే 'సుమారు' అన్న మాటను మాత్రం పారేసుకోకండి.

పోయినేడు మా గుడికి కొత్త మండపం కట్టి, దాతల పేర్లతో ఒక రాయి వేయించాలనుకున్నారు. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శిల్పి, "ఏమని చెక్కమంటావ్ సామీ?" అన్నాడు. పాత తప్పు గుర్తుంది కాబట్టి శకం, సంవత్సరం పేరు, నెల, పక్షం, తిథి, వారం, ఇంగ్లీషు తేదీ వరసగా చెప్పినాను. అక్షరానికింత అని కూలి. కమిటీ పెద్దాయన కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇంగ్లీషు తేదీ ఉందిగదప్పా, వారమెందుకు, తీసెయ్" అన్నాడు. వారం డబ్బులు నేనిస్తానన్నాను. రాయి మీద 'గు' ఉంది.